గాలి లేని ఊరు

మా ఇంట్లో నలుగురం. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం నలుగురిలో ముగ్గురికి అంతరిక్షంలో తలా ఒక చోటు దొరికింది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

అడగకపోవడానికి కారణం నాకు చెవులు సరిగ్గా వినబడకపోవడం. సరిగ్గా అన్నది మర్యాదకు రాశాను. అసలు వినబడవు. ఇరవై ఏళ్లకు పైగా సూరత్‌లో సాంచాలు నడుపుతున్నాను. సాంచా అంటే కరెంటు మగ్గం. సిరిసిల్ల వైపు నుంచి ఇక్కడికి వచ్చిన మేమంతా ఆ మాటే అంటాం. ఒక్క సాంచా చాలు పక్కవాడి మాటను మింగేయడానికి. రేకుల కప్పు కింద అవి వరసలు వరసలుగా ఆడుతుంటే పన్నెండు గంటలు నిలబడాలి. మొదట్లో ఆ మోత పని దిగి ఇంటికొచ్చేదాకా తలలో ఉండేది. తర్వాత పడుకునేదాకా ఉండేది. ఆ తర్వాత అదొక్కటే మిగిలి, తక్కిన లోకం చప్పుడంతా పోయింది.

దీనికి నేను ఏడవను. మీరు కట్టుకున్న చీరలోనో, మీ కిటికీకి వేలాడే పరదాలోనో నా చెవులు కొంత ఉన్నాయి, ఉతికినప్పుడు జాగ్రత్త. నా కొడుకు పట్టుబట్టి ఒక చెవి మిషను పెట్టించాడు. అది చేసిన పని ఒకటే, కార్ఖానాను ఇంటికి తెచ్చింది. గిన్నె కింద పెట్టినా ఖట్, తలుపు వేసినా ఖట్, ఆఖరికి నా భార్య నవ్వినా ఖట్. కొన్నాళ్లు చూసి తీసి బీరువాలో పడేశాను. అప్పటినుంచి ఇంట్లో నా మీద ఒక ముద్ర పడింది. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. రాజ్యం లేదు కానీ ఆ బలం ఉంది నాకు.

అయితే మా వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. కార్ఖానాలో మేం రోజంతా మాట్లాడుకుంటాం. నోరు మెదుపుతాం, గొంతు వాడం. వాడినా దండగే కనుక ఎవడూ వాడడు. నాలుగు సాంచాల అవతల ఉన్నవాడి పెదాలు చూస్తే వాడి కూతురికి సంబంధం కుదిరిందో లేదో తెలిసిపోతుంది. పొట్ట నిమిరితే యజమాని సేఠ్ వస్తున్నాడని అర్థం. రెండు వేళ్లు పెదాలకు ఆనిస్తే చాయ్. తక్కినదంతా పెదాలే. తెలుగే కాదు, హిందీ, గుజరాతీ కూడా నేను చూసే వింటాను. కొత్తగా వచ్చినవాడు నెల రోజులు మూగవాడిలా తిరుగుతాడు, ఆ తర్వాత వాడి నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

ఇంట్లో మాత్రం నా దగ్గరికి వచ్చి గట్టిగా అరుస్తారు. అరిచేటప్పుడు మొహం వంకర పోతుంది, పెదాలు సాగిపోతాయి, ఒక్క ముక్కా తెలియదు. వాళ్లలో వాళ్లు మామూలుగా మాట్లాడుకునేటప్పుడే నాకు అన్నీ తెలుస్తాయి. ఈ సంగతి నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? వాళ్లు అడిగారా?

ఆ సాయంత్రం సంగతికి వస్తాను. మేం ఉండేది బమ్రోలిలో, రెండు గదుల ఇంట్లో. నా భార్య చీరల మీద మిగిలిపోయిన దారాలు కత్తిరించే పని ఇంట్లోనే చేస్తుంది. ఆమె చుట్టూ చీరలు గుట్టగా పోసి ఉన్నాయి. కొడుకు డిప్లొమా చదువుతాడు, వాడు ఫోనులో ఉన్నాడు. బిడ్డ ఏడో తరగతి. బడిలో అంతరిక్షం మీద ఏదో పండుగ చేస్తున్నారట. ప్రతి పిల్లా తల్లిదండ్రులతో స్టేజీ ఎక్కాలి. రాకెట్టు మీ కోసం ఆగి ఉంది, ఎక్కడికైనా తీసుకుపోతుంది, ఎక్కడికి పోతారు, ఎందుకు పోతారు, ఇదీ ప్రశ్న. ఎవరిది మంచి జవాబైతే వాళ్లకు కప్పు ఇస్తారు.

"అమ్మా, నువ్వు ఏడికి పోతవ్?" అని అడిగింది బిడ్డ. నేను గోడకు ఆనుకొని అన్నం తింటూ చూస్తున్నాను.

"నేనేడికి పోత బిడ్డా? ఈ చీరలు ఎవలు సాఫ్ జేస్తరు?"

"ఉత్తగ అనుకో అమ్మా."

"గట్లయితే నల్లా బందు గాని కాడికి పోత. పొద్దుగాల లేచి బిందెలు పట్టుడు లేని కాడికి."

కొడుకు తల ఎత్తకుండానే మార్స్ అన్నాడు. బిడ్డ తను శనిగ్రహానికి పోతానంది. దాని చుట్టూ వడ్డాణం లెక్క ఉంటుందట. "శనా? నోట్లెకెల్లి రానియ్యకు బిడ్డా, దీపాలు వెట్టే యాల్లకు!" అని మా ఆవిడ లెంపలేసుకుంది. ముగ్గురూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ పప్పులోకి మొహం దించుకున్నాను.

తర్వాత మా ఆవిడ నా వైపు చూసి, "మరి బాపు?" అంది.

"బాపుకు చెప్పి అడిగేసరికి గొంతు పోతది," అన్నాడు కొడుకు.

"నేనే ఏదో ఒకటి చెప్తలే," అంది బిడ్డ.

ఏదో ఒకటట. కూర ఏం వండాలో తెలియనప్పుడు అనే మాట అది. నా పళ్లెం ముందు కూర్చొని, నా అంతరిక్షాన్ని ఏదో ఒకటి చేసేశారు. ఆ రాత్రి నేను నెయ్యి ఎక్కువ వేయించుకున్నాను. అంతకు మించి ఏం చేయాలో అప్పటికి తోచలేదు.

ఆదివారం మా సాంచాలకు సెలవు. బామ్మర్ది వచ్చి సముద్రం ఒడ్డుకు, డుమస్ పోదామన్నాడు. నా భార్య తమ్ముడు బట్టల మార్కెట్‌లో సేల్స్‌మన్. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ నవ్వు, ఎప్పుడూ నోట్లో మావా. ఆ వక్కపొడి, సున్నం, తంబాకు ముద్దను బుగ్గన పెట్టుకొని పెదాలు కదలకుండా మాట్లాడతాడు. లోకంలో నేను చదవలేని నోరు అదొక్కటే. అందుకే వాడంటే నాకు గిట్టదని మీరు అనుకోవచ్చు. దానికి తోడు వాడికి మా ఇంట్లో నాకంటే ఎక్కువ పలుకుబడి ఉంది, ఎందుకంటే వాడితో మాట్లాడటం తేలిక.

డుమస్‌లో ఎప్పటిలా బండి దగ్గర బెంచీల మీద కూర్చున్నాం. నల్ల ఇసుక, గాలి, జనం. వేడివేడి టమాటా భజియా పళ్లెం మధ్యలో పెట్టారు. వాళ్లు నలుగురూ ఒకవైపు, నేను ఎదురుగా. ఇంతకంటే మంచి జాగా నాకు ఎవరూ ఇవ్వలేరు. బామ్మర్ది ఏదో అన్నాడు. బిడ్డ పకపకా నవ్వి, "గురుగ్రహమా మామా? గురుబలం లేదని పంతులు చెప్పిండా?" అంది. వాడు ఇంకేదో అన్నాడు. అప్పుడు బిడ్డ వేలు నాకుతూ, "మామా, నువ్వే రా మా బడికి. బాపు వద్దు," అంది.

నేను భజియా నోట్లో పెట్టుకున్నాను. కాలింది.

"సార్లు అడిగితే?" అన్నాడు కొడుకు.

"బాపు ఊరికి పోయిండని చెప్త."

అంతే. రైలు లేదు, బస్సు లేదు, భజియా తింటున్నవాణ్ని తింటున్నట్టే ఊరికి పంపించేశారు. మా ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసింది. అడ్డం చెబుతుందేమో అనుకున్నాను. "నిజమే, పాపం ఆయనకెందుకు యాష్ట. మామనే రానియ్యి," అంది.

కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది కానీ కోపం ముందొచ్చింది. ఏడుపుకు జాగా దొరకలేదు. పాపం అనే మాట నన్ను ముందే సగం చంపి పెడుతుంది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అని సామెత ఉంది కదా, ఊదేవాడి మొహం చెవిటివాడికి ఎంత బాగా కనబడుతుందో ఆ సామెత చేసినవాడికి తెలియదు.

బిడ్డ ఎందుకు వద్దంటోందో నాకు తెలుసు, అది కూడా చెప్పాలి. అంతకు ముందు ఒకసారి బడికి పిలిస్తే పోయాను. టీచరమ్మ తల వంచుకొని నోటుపుస్తకాల్లో చూస్తూ ఏదో అడిగింది. పెదాలు కనబడలేదు. చేతిరాత బాగా లేదని అంటోందట. నేనేమో ఇంట్లో బాగానే తింటుందని చెప్పాను. వెనక వరసలో పిల్లలు నవ్వారు. మరునాటి నుంచి ఒకడు బిడ్డ కనబడితే చాలు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని ఆఁ ఆఁ అంటాడట. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, బిడ్డ తల్లికి చెబుతుంటే చూశాను. పన్నెండేళ్ల పిల్లకు అది పెద్ద బరువే. ఒప్పుకుంటాను. కానీ ఆ బరువు దించుకోవడానికి నన్ను ఊరికి పంపితే నేను పోను.

మరునాడు కార్ఖానాలో మొట్టమొదటి పని, అంతరిక్షంలో నాకో చోటు వెతుక్కోవడం. నా పక్క సాంచాలు నడిపేవాడు మా వైపువాడే, పాత దోస్తు. వాడి కొడుకు కూడా అదే బడి. తెగిన పోగులు కలుపుకుంటూనే వాడితో సలహా చేశాను. అక్కడ జరిగిన మాటల్లో చప్పుడు లేదని మీరు గుర్తుపెట్టుకోవాలి.

"శుక్రునికి పో," అన్నాడు వాడు. "మావోడు చెప్పిండు, ఆడ ఒక్క రోజు మన ఎనిమిది నెలలంత లంబ ఉంటదట."

"గట్లయితే ఆడ పాలీ ఎన్ని గంటలు?"

వాడు ఆలోచించాడు. షిఫ్టును ఇక్కడ పాలీ అంటారు. రోజులో సగం పగటి పాలీ, సగం రాత్రి పాలీ.

"వద్దొద్దు," అన్నాడు. "ఒక్కసారి లోపలికి పోతే నెలలకు బయటవడుతం. సేఠ్‌కు తెల్వనియ్యకు, రేపే షెడ్డు ఆడికి మారుస్తడు."

ఇద్దరం సాంచా మీద చేతులు పెట్టుకొని నవ్వుకున్నాం. సూర్యుడు వద్దు, మా రేకుల షెడ్డులో వైశాఖం చాలు. బుధుడు కూడా అంతే. గురుగ్రహం బామ్మర్ది తీసుకున్నాడు, వాడికే ఉండనీ. శనికి బిడ్డ పోతోంది కానీ నన్ను రమ్మనలేదు. ఇలా ఒక్కొక్కటి తీసేసుకుంటూ పోతుంటే చివరికి మిగిలింది దగ్గర్లోనే ఉంది.

ఎనిమిదో తరగతిలో మాకు సైన్సు చెప్పిన సారు బోర్డు మీద ఒక బొమ్మ గీశాడు. గాజు జాడీ, అందులో గంట. జాడీలోంచి గాలి లాగేస్తే గంట కొట్టుకుంటూనే ఉంటుంది కానీ చప్పుడు వినబడదు. మా బడిలో జాడీ లేదు, గంట ఒకటే ఉండేది, అది కూడా అన్నం వేళకు కొట్టేది. చంద్రుడి మీద గాలి లేదు, అక్కడ ఎవరు ఎంత అరిచినా వినబడదు అన్నాడు సారు. అప్పట్లో నాకు భయమేసింది. ఇన్నేళ్లకు అదే మాట గుర్తొస్తే ఒళ్లు పులకరించింది. గాలి లేని ఊరు! అక్కడ దిగిన మరుక్షణం లోకమంతా చెవిటిదే. కలెక్టరూ చెవిటివాడే, సేఠూ చెవిటివాడే, మా బామ్మర్దీ చెవిటివాడే. అక్కడ రెండు మాటలు మాట్లాడుకోగలిగేది ఎవరు? మేమే. మగ్గాల వాళ్లం.

దోస్తుకు చెప్పాను. వాడికి నచ్చింది కానీ వాడు ఊరికే ఒప్పుకునే రకం కాదు. "ఆడికి పోయెటోళ్ల టోపీల రేడియో వెడ్తరట గదా, దాంట్లెనే మాట్లాడుకుంటరట," అన్నాడు.

"రేడియో కొనేది ఎవలు? సేఠ్. గది ఎన్నొద్దులు నడుస్తది?"

"గదీ నిజమే," అన్నాడు.

"రేడియో ఖరాబైనంక ఇగ టోపీ అద్దమే. అద్దంల మూతి కనవడ్తది. సాలు."

వాడు రెండు వేళ్లు పెదాలకు ఆనించాడు. చాయ్ తన లెక్కన అని.

ఆ వారంలోనే నా భార్యకు జ్వరం వస్తే అన్నం డబ్బా బిడ్డ తెచ్చింది. ఎప్పుడూ గేటు దగ్గర ఇచ్చి పోయేది. ఆ రోజు గేటు దగ్గర ఎవరూ లేక లోపలికి వచ్చేసింది. నేను చూసేసరికి తలుపు దగ్గర రెండు చేతులతో చెవులు మూసుకొని నిలబడి ఉంది. డబ్బా చంకలో ఇరుక్కుంది. నేను అప్పుడు దూరంగా ఉన్న ఒడిశా అతనితో జోరుగా తగాదా పడుతున్నాను. వాడు నా నూలు కండెలు తీసుకున్నాడు. నేను వాణ్ని ఏదో అన్నాను, వాడు ఇంకేదో అన్నాడు, మధ్యలో దోస్తు దూరి ఇద్దరినీ వెక్కిరించాడు, ముగ్గురం నవ్వుకున్నాం. ఇదంతా బిడ్డ చూసింది. ఇంట్లో గోడకు ఆనుకొని కూర్చునే మనిషి ఇక్కడ ఇంత వాగుడుకాయ అని దానికి తెలియదు.

దగ్గరికి వచ్చింది. నా చెవి దగ్గర అరవబోయింది. నేను భుజాలు పట్టి దాన్ని నా ఎదురుగా తిప్పుకొని, అరవద్దని చెయ్యి ఊపాను. ఉత్తగ నోరు కదిలించమన్నాను.

"అమ్మకు జరమొచ్చింది," అని పెదాలు మెదిపింది, నమ్మకం లేకుండా.

"గోలి ఏసుకున్నదా?"

దాని కళ్లు పెద్దవయ్యాయి. "నీకు ఇనవడుతదా?"

"ఇనవడది. తెలుస్తది."

షెడ్డంతా ఆడుతోంది, నేలలోంచి అరికాళ్లకు దడ ఎక్కుతోంది. దాని మొహంలో లెక్కలు నడుస్తున్నాయి. ఇన్నాళ్లూ ఏమేం మాట్లాడిందో ఒక్కొక్కటి వెనక్కి తిప్పి చూసుకుంటోంది.

"డుమస్‌ల గూడ?"

"అంత."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, నా బిడ్డ కదా. ముక్కుపుటాలు అదిరాయి. "మరి ఎందుకు చెప్పలే?" అని నా మీదికే వచ్చింది.

"నువ్వు అడగలే."

అప్పుడు అది నా మొహంలోకి సూటిగా చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా అంది. "బాపు, నువ్వు బడికి రాకు. అందరు నవ్వుతరు."

బాధేసింది. కానీ ఒకటి చెప్పాలి. ఎన్నాళ్ల తర్వాతనో నా బిడ్డ నాతో మాట్లాడింది. నా గురించి మాట్లాడటం కాదు, నాతో. అందుకు సంతోషం కూడా వేసింది. సంతోషించినంత మాత్రాన ఒప్పుకోవాలని లేదు.

"వస్త," అన్నాను.

అది డబ్బా అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఇంట్లో తల్లికి ఏమీ చెప్పినట్టు లేదు, ఎందుకంటే ఆ తర్వాత కూడా మా ఆవిడ అన్నీ నా ఎదుటే మాట్లాడింది. బిడ్డ మాత్రం నేనున్న చోట నోరు విప్పడం మానేసింది. ఏదైనా అనాలంటే వీపు తిప్పుకొని అనేది.

పండుగ కూడా ఆదివారమే వచ్చింది. పొద్దున్నే లేచి గడ్డం గీసుకొని, పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా తీశాను. మా ఆవిడ చేతులు ఊపుతూ, "ఏందయ్యా, నీకెందుకీ తిప్పలు? ఇంట్ల పండుకో," అంది.

"నా బిడ్డ బడి. నేను పోనా?" అన్నాను. నా గొంతు నాకు వినబడదు కనుక ఎంత పెద్దగా అన్నానో తెలియదు. పక్కింటావిడ తొంగి చూసింది కనుక పెద్దగానే అని ఉంటాను.

తల్లీ బిడ్డా బామ్మర్ది బండి మీద ముందు పోయారు, కొడుకు ఫోనుతో ఇంట్లోనే ఉండిపోయాడు. నేను నడిచి పోయాను. బడి హాలు నిండా జనం. స్టేజీ మీద అట్టలతో రాకెట్టు కట్టి, వెండి రంగు జరీ బట్ట చుట్టారు, అది ఏ కార్ఖానా సరుకో నాకు దూరం నుంచే తెలిసింది. నా వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. నేను వెనక దోస్తు పక్కన కూర్చున్నాను. ఆ వెనక వరసలన్నీ మా వాళ్లే, మగ్గాల వాళ్లు.

కార్యక్రమం నడిపే సారు మైకును నోటికి ఆనించి పట్టుకున్నాడు. ముక్కు కింద మొహమే లేదు. ఆయన ఏమంటున్నాడో దోస్తు నాకు పెదాలతో అందిస్తున్నాడు. ఒక పిల్లవాడు మార్స్ అన్నాడట. ఒక తండ్రి జీఎస్టీ లేని గ్రహం ఏదైనా సరే అన్నాడట. హాలు హాలంతా ఊగిపోయింది. అది చప్పుడు లేకుండా చూసినా బాగానే ఉంది. దోస్తు పేరు పిలిచినప్పుడు వాడు పోయి, కొడుకుతో శుక్రుడు అనిపించి, పాలీ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకొని వచ్చాడు.

తర్వాత వాడు నన్ను మోచేత్తో పొడిచాడు. నా బిడ్డ పేరు పిలిచారు. ముందు వరసలోంచి బిడ్డ లేచింది, మా ఆవిడ లేచింది, బామ్మర్ది చొక్కా సర్దుకుంటూ లేచాడు.

నేనూ లేచాను.

హాలు మధ్యలోంచి నడిచాను. ఇంకో పది అడుగులు ఉండి ఉంటే వెనక్కి తిరిగేవాణ్నేమో. మెట్లెక్కాను. స్టేజీ మీద ఒక పిల్ల, ఒక తల్లి, ఇద్దరు మగాళ్లు. సారు మైకులో ఏదో అన్నాడు, జనం నవ్వారు. ఇద్దరిలో పప్పా ఎవరని అడిగాడట, తర్వాత తెలిసింది. కానీ ఆ చూపు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

"పప్పా మై హూ," అన్నాను. "గావ్ నహీ గయా. యహీ హూ." నాన్నను నేనే, ఊరికి పోలేదు, ఇక్కడే ఉన్నాను అని.

బిడ్డ తల దించుకుంది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. బామ్మర్ది బుగ్గలో మావా ఆ వైపు నుంచి ఈ వైపుకు మారింది. సారు ఇంకోసారి అడిగాడు. మళ్లీ అదే నల్లటి మైకు, దాని వెనక కదిలే గడ్డం. నేను మైకు వైపే చూస్తూ నిలబడ్డాను. నవ్వు లేచింది. మొహాలన్నీ పళ్లయ్యాయి. రెండో వరసలో ఒకడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

నేను ముందుకు పోయి సారు చేతిని పట్టుకొని మైకు కిందికి దించాను. ఆయన మొహం తేలింది. పాపం మంచి మొహమే. "ముహ్ దిఖాకే పూఛియే," అన్నాను, మొహం చూపించి అడగమని.

సారు తడబడి, నా కళ్లలోకి చూసి, మెల్లగా అడిగాడు. ఎక్కడికి పోతారు?

ఇన్ని రోజులకు నన్ను ఒకరు అడిగారు. మైకు తీసుకున్నాను. హిందీలో మొదలుపెట్టాను కానీ కోపం హిందీలో ఎక్కువసేపు నిలవలేదు, తెలుగులోకి వచ్చేసింది.

"చంద్రుని మీదికి పోత. ఆడ గాలి లేదు. గాలి లేకుంటే సప్పుడు లేదు. ఈ మైకు ఆడ పనికి రాదు. మీరు ఎంత మొత్తుకున్నా ఎవలికి ఇనవడది. అందరు చెవిటోళ్లే ఆడ. నాకు జర అలవాటున్నది. నేను మాట్లాడుత. మా సాంచాలోళ్లందరు మాట్లాడుతరు. మీరు నేర్చుకునేదాంక మేం మీ దిక్కు జూసి నవ్వం."

ముందు వరసలు కదల్లేదు. వాళ్లకు తెలుగు తెలియదు. వెనక వరసల్లో మా వాళ్లు చేతులెత్తారు. ఒడిశా అతనికి ఎవరో చెప్పినట్టున్నారు, వాడూ ఎత్తాడు. దోస్తు నిలబడి, హాలు ఆ చివరి నుంచి గొంతు లేకుండా, "చాయ్ నేను తాపిస్త రా," అన్నాడు. నేను కూడా గొంతు లేకుండా, "బన్ను గూడ," అన్నాను. ముందు వరసలవాళ్లు వెనక్కీ ముందుకీ తలలు తిప్పారు.

సారుకు ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. ఈసారి మైకు దగ్గరికి రాలేదు. వేళ్లతో మా నలుగురినీ చూపిస్తూ, పెదాలు బాగా విప్పి అడిగాడు. వెంట ఎవరిని తీసుకుపోతారు?

నా భార్య వైపు చూశాను. బామ్మర్ది వైపు చూశాను. బిడ్డ వైపు చూడాలంటే భయమేసింది, అయినా చూశాను. అది ఇంకా నేల చూపులే చూస్తోంది.

"ఎవల్ని తీస్కపోను," అన్నాను మైకులో. "నన్ను ఊరికి పంపినోళ్లను నేను చంద్రుని మీదికి ఎందుకు తీస్కపోవాలె?"

మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరగనీ అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. బామ్మర్ది ఏమనుకున్నాడో, మెల్లగా మెట్ల వైపు జరిగి దిగిపోయాడు. స్టేజీ మీద ముగ్గురం మిగిలాం.

అప్పుడు బిడ్డ తల ఎత్తింది. రెండడుగులు వేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. జనానికి వీపు, నాకు మొహం. ముక్కు ఎర్రగా ఉంది. గొంతు వాడలేదు. షెడ్డులో నేను చూపించినట్టే, ఒక్కో మాటా విడివిడిగా, పెదాలు మాత్రం మెదిపింది.

"బాపు. నేనొస్త."

నేను మైకు దాని చేతిలో పెట్టాను.

"మైకుల చెప్పు బిడ్డా," అన్నాను. "వీళ్లకు ఇనవడలే."